చిటికెడు ఉప్పు

‘తలుపు తట్టే ఉద్యోగం’ — పదకొండో భాగం

పోయిన వారం మీరు నన్ను మూడో అంతస్తులో, అప్పుడే తెరుచుకున్న ఒక తలుపు ముందు వదిలేసి వెళ్ళారు. నేను వారం రోజులుగా అక్కడే నిలబడి ఉన్నాను. కుడిచేతిలో పెట్టె, మొహం మీద కంపెనీ నేర్పిన నవ్వు, తలుపు అవతల నేను కలలో కూడా అనుకోని మనిషి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. నేను డిగ్రీ చివరి సంవత్సరంలోకి వచ్చిన కెమిస్ట్రీ విద్యార్థినిని. సెలవులు మొదలైన దగ్గర్నుంచీ ఇంటింటికీ తిరిగి నీళ్ళు శుభ్రం చేసే మిషన్లు అమ్ముతున్నాను. ఎనిమిదో తరగతి నుంచి నన్ను పెంచి చదివిస్తున్న పిన్ని, బట్టలు కుట్టి బతికే మనిషి, మొదటి మిషన్ తను కొని, మా వీధిలో ఇంకో ఆరిళ్ళ చేత కొనిపించింది. "మా అమ్మాయి కెమిస్ట్రీ చదువుతోంది, దానికి తెలీదా" అన్న ఒక్క మాట మీద కొన్నారు వాళ్ళంతా. పిన్ని అంతటితో ఆగలేదు. ఇన్నేళ్ళూ వీధికి తాగేనీళ్ళ క్యాన్లు వేసిన ఆయన్ని నడివీధిలో నిలబెట్టి కడిగేసింది. ఆయన మళ్ళీ మా వీధి మొహం చూడలేదు. మా మేనేజరు, అందరం కెప్టెన్ అంటాం, ఆ వీధికి ‘మోడల్ వీధి’ అని పేరు పెట్టాడు. ఇంకొక్క ఇంట్లో అమ్మితే నేను లీడర్ని. ఆ పైన నేను తలుపులు తట్టక్కర్లేదు, నా కిందివాళ్ళు తడతారు. ఆ ఒక్క ఇల్లే ఇది.

తలుపు తీసింది బ్యూరెట్ బాబాయ్.

మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏళ్ళు అసిస్టెంటుగా చేసి ఈ సెలవుల ముందే రిటైరయ్యారు. బ్యూరెట్టుని, ఆ పొడుగాటి గాజుగొట్టాన్ని, పసిపిల్లని అందించినట్టు రెండు చేతులా పట్టుకుని ఇచ్చేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఎవరైనా ఒంటిచేత్తో తీసుకోబోతే వెనక్కి లాక్కునేవారు.

"నువ్వా తల్లీ," అన్నారు. "రా, లోపలికి రా. ఎండన పడి వచ్చావు. మంచినీళ్ళు తాగుతావా?"

ఈ ప్రశ్నకి మా కంపెనీలో రాసిపెట్టిన జవాబు ఉంది. చిన్నగా నవ్వి, "వద్దండీ, నేను బయట నీళ్ళు తాగను" అనాలి. అవతలివాళ్ళ మనసులో మొదటి పురుగు దొలిచేది అక్కడే. నాకు నోరు ఎండిపోయి ఉంది. అయినా ఆ మాటే అన్నాను. రెండేళ్ళపాటు, ల్యాబులో దాహమేస్తే తన సీసాలోంచి పోసి తాగించిన మనిషితో అన్నాను.

వాళ్ళావిడ మోకాళ్ళు పట్టుకుని కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. మా ఆఫీసుకి ఫోన్ చేసి పిలిపించింది ఆవిడేనట.

పెట్టె తెరిచి భోజనాల బల్ల మీద సరంజామా పరిచాను. అరచేతంత నల్ల డబ్బా, దాని అడుగున రెండు జతల కడ్డీలు, కరెంటు తీగ. దీన్ని మా కెప్టెన్ ‘సాక్షి’ అంటాడు. రెండు గ్లాసులు పెడతాం. ఒక దాంట్లో వాళ్ళింటి కుళాయి నీళ్ళు, రెండో దాంట్లో మా మిషన్ నీళ్ళు, సీసాలో తెచ్చుకున్నవి. రెండింట్లోనూ కడ్డీలు ముంచి స్విచ్ వేస్తాం. ఆ తర్వాత చేయాల్సింది ఒక్కటే, నోరు మూసుకుని అరవై లెక్కపెట్టడం. "మురికి అనే మాట మన నోట్లోంచి రాకూడదు," అంటాడు కెప్టెన్. "వాళ్ళే అనాలి. మనం అంటే అమ్మకం, వాళ్ళంటే నమ్మకం."

"ముందు గ్లాసులు కడుగు తల్లీ," అన్నారు బాబాయ్. ల్యాబులో అన్నట్టే అన్నారు. కడిగాను.

స్విచ్ వేశాను. ఇరవై దగ్గర కుళాయి గ్లాసు పసుపు తిరిగింది. నలభై దగ్గర గోధుమరంగు తెట్టు పైకి లేచి, ముక్కలు ముక్కలుగా అడుక్కి దిగడం మొదలైంది. మా గ్లాసు మాత్రం ముట్టుకోనట్టుంది. బాబాయ్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నా మొహం చూస్తున్నారు. గ్లాసుల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

యాభై రెండు దగ్గర ఆవిడ నోరు తెరిచారు. "ఏవండీ, ఇన్నాళ్ళూ మనం తాగింది ఈ మురికా?"

ఆ మాట చెవిన పడగానే ఆర్డరు ఫారం తియ్యాలి. తీశాను. దాని పక్కనే మా వీధి కాయితం పెట్టాను. పైన పిన్ని ఫోటో, కింద ఏడిళ్ళ నంబర్లూ అడ్రసులూ. "మా పిన్ని వాళ్ళ వీధిలో ఏడిళ్ళవాళ్ళు తీసుకున్నారండీ. కావాలంటే వెళ్ళి కనుక్కోవచ్చు." నా గొంతు నాకే అరిగిపోయిన రికార్డులా వినిపించింది.

"ఫారం ఉండనీ," అన్నారు బాబాయ్. లేచి వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. "నీ మంచి గ్లాసులో చిటికెడు వెయ్యి."

"నేనా?"

"ప్రయోగం చేసేవాళ్ళే కదా వెయ్యాలి."

వేళ్ళతో తీసి వేశాను. వేసేముందే ఏమవుతుందో నాకు తెలుసు. అరవై దాకా పోనక్కర్లేకపోయింది. పదిహేను లెక్కపెట్టేలోపు మా స్వచ్ఛమైన నీళ్ళు వాళ్ళ కుళాయి నీళ్ళకంటే చిక్కగా గోధుమరంగుకి తిరిగాయి. ఆవిడ కుర్చీలోంచి ముందుకి వంగారు.

"ఉప్పులో ఉందా మురికి?"

"మురికి ఎక్కడా లేదే," అన్నారు బాబాయ్. "అది కడ్డీల్లోని ఇనుము. నీళ్ళల్లో కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పయి దిగుతుంది. ఆ సీసా నీళ్ళల్లో లవణాలన్నీ తీసేశారు, కరెంటు పారదు, అందుకే ఊరుకుంది. చిటికెడు ఉప్పు పడేసరికి పారింది. మన నీళ్ళు మంచివో కావో ఈ కడ్డీలు చెప్పలేవు." స్విచ్ ఆయనే ఆపారు. తర్వాత నా వైపు తిరిగారు. "నాకొక్క సంగతి చెప్పు తల్లీ. ఇది నీకు తెలుసా, తెలీదా?"

నేను నీళ్ళు నమిలాను. ఈ మాట ఇంత సరిగ్గా అతికే రోజు నా జీవితంలో ఇంకోటి రాదు.

తెలుసంటే దొంగని. తెలీదంటే మొద్దుని. ఎనభై ఏడు శాతం మార్కుల మొద్దుని. దొంగ అనిపించుకోవడం కంటే మొద్దు అనిపించుకోవడం తేలికనిపించింది.

"తెలీదు బాబాయ్."

ఆయన తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన మొహంలో ఏదో కిందికి జారినట్టయింది. కాసేపు బల్లమీద నీటి చుక్కలు అరచేత్తో తుడుస్తూ కూర్చున్నారు.

"అయితే తప్పు మాది," అన్నారు చివరికి. "మీ మొదటి సంవత్సరం ల్యాబులో రిపేర్లు జరిగాయి. రెండు వారాలు మూసేశాం. ఈ ప్రయోగం అందులో ఎగిరిపోయి ఉంటుంది. మళ్ళీ చేయించాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. క్షమించు తల్లీ."

ముప్పై ఏళ్ళు పిల్లల వెనకాల గాజుసామాను కడిగిన మనిషి, నా అబద్ధాన్ని తన నెత్తిన వేసుకుని నన్ను క్షమించమన్నారు. నోరు తెరవడానికి అంతకంటే మంచి అదను ఉండదు. నేను నోరు తెరవలేదు. ఆయన కడ్డీలు పొడిగుడ్డతో తుడిచి, తడి ఉంటే తుప్పు పడతాయని జాగ్రత్తగా కాయితంలో చుట్టి ఇస్తే రెండు చేతులా తీసుకున్నాను. ఆ అలవాటు మాత్రం పోలేదు. మెట్లు గబగబా దిగాను. మా వీధి కాయితం బల్లమీదే మర్చిపోయానన్న సంగతి బస్ స్టాపు దాకా వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళే మొహం లేదు.

బస్ స్టాపులో రెండు గంటలు కూర్చున్నాను. ఏడు బస్సులు వదిలేశాను.

మీకు అబద్ధం చెప్పను, చెప్పాల్సిన అబద్ధాలన్నీ బాబాయ్‌కి చెప్పేశాను. నాకు తెలుసు. ట్రైనింగ్ మొదటి రోజే తెలుసు. కెప్టెన్ స్విచ్ వేసి ఊరుకున్నప్పుడు, గ్లాసు రంగు తిరుగుతుంటే, వెనక వరసలో కూర్చున్న నాకు మా ల్యాబు వాసన కూడా గుర్తొచ్చింది. అడుగుదామని చెయ్యి సగం లేపాను. "ఏంటి చాంపియన్, ఏమైనా అనుమానమా?" అన్నాడు కెప్టెన్. అందరూ తిరిగి చూశారు. లేచిన చెయ్యి దించడానికి సిగ్గేసి, దాంతో జుట్టు సర్దుకున్నాను. అంతే. ఆ రోజు ఆ చెయ్యి ఇంకో జానెడు పైకి లేచి ఉంటే ఈ సీరియల్ లేదు.

ఆ తర్వాత నన్ను నేను జోకొట్టుకోవడానికి ఒక మాట దొరికింది. నేను ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు కదా. ఒక్క ఇంట్లో కూడా మురికి అనలేదు కదా. నేను అరవై లెక్కపెట్టాను, వాళ్ళు అనుకున్నారు. ఈ మాట పట్టుకుని నెలన్నర హాయిగా నిద్రపోయాను.

ఫోన్ మోగింది. కెప్టెన్.

"ఏమైంది చాంపియన్?"

"ఆలోచించుకుని చెప్తామన్నారు."

"పర్లేదు, సాయంత్రం చూద్దాం. నాలుగింటికి కొత్త బ్యాచ్‌ని మీ వీధికి తీసుకొస్తున్నా. ఆరుగురు. మీ పిన్నిగారి చేత నాలుగు మాటలు చెప్పించు. ఆవిడ చెప్తే రాళ్ళు కూడా మిషన్లు కొంటాయి."

ఇంటికి చేరేసరికి నాలుగుకి ఇంకా పావుగంట ఉంది. గుమ్మం ముందు తోలు చెప్పులు కనిపించాయి. పై పట్టీ నిండా యాసిడ్ చుక్కలు పడి చిన్న చిన్న చిల్లులు. ఆ చెప్పులు లోకంలో ఒక్కరికే ఉంటాయి. లోపల కుట్టుమిషన్ చప్పుడు లేదు. పగటిపూట మా ఇంట్లో ఆ చప్పుడు ఆగడం నేనెరగను.

పిన్ని మిషన్ ముందు పీట మీద కూర్చుని ఉంది, మెడలో టేపుతో సహా. ఎదురుగా బాబాయ్. మిషన్ చెక్కమీద నేను మర్చిపోయిన కాయితం, దాని పక్కన అట్టవేసిన ఒక పుస్తకం. అట్టమీద నా రాత. మొదటి సంవత్సరం ప్రాక్టికల్ రికార్డు.

"నేను గొడవ పెట్టడానికి రాలేదు తల్లీ," అన్నారు బాబాయ్. నా వైపు చూడలేకపోయారు. "రిటైరైనప్పుడు పాత రికార్డులన్నీ చిత్తుకాయితాల కింద అమ్మేస్తుంటే, బాగున్నవి పది ఏరి ఇంటికి తెచ్చుకున్నాను. ల్యాబులో ఉండగా కొత్త పిల్లలకి రికార్డంటే ఇలా రాయాలని వాటినే చూపించేవాణ్ణి. అందులో నీదీ ఉంది. ఆ ప్రయోగం మీకు చేయించామో లేదో, మావైపు తప్పెంతో చూసుకుందామని తీశాను. తీశాక కాళ్ళు ఆగలేదు. కాయితం మీద మీ అడ్రసుంది."

పుస్తకం మధ్యలో ఒక దారప్పోగు గుర్తుగా పెట్టి ఉంది. పిన్ని పెట్టినదే అయి ఉంటుంది.

"నువ్వు చెప్తావా," అన్నారు, "మీ పిన్నిని చదవమంటావా?"

నేను గోడకి ఆనుకున్నాను. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ తీసింది. పిన్ని చదువు అయిదో తరగతి. చదివేటప్పుడు సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన చూపుడు వేలు ఒక్కో మాట కింద పెట్టుకుంటూ పోతుంది.

"తొమ్మిదవ ప్రయోగము," అని మొదలుపెట్టింది. "ఇనుప కడ్డీలు... వాడినచో... గోధుమరంగు... అవక్షేపము ఏర్పడును. ఇది నీటిలోని... మలినము కాదు. కడ్డీల నుండి... వచ్చిన ఇనుము." వేలు ఆగింది. "ఈ ‘కాదు’ కింద రెండు గీతలున్నాయి. ఎవరు గీశారు?"

"నేనే."

"పక్కన ఎర్ర సిరాతో ఏముంది?"

"చాలా బాగుంది అని."

పిన్ని పుస్తకం మూసింది. బాబాయ్ కిటికీ వైపు తిరిగారు. ఆయనకి నేను పొద్దున చెప్పిన జవాబు ఆ గదిలో మా ముగ్గురి మధ్యా నిలబడి ఉంది, దాన్ని ఎవరూ ఎత్తలేదు. నాకు భయమేసింది. భయంలో, నెలన్నరగా దాచుకున్న మాట బయటికి వచ్చేసింది.

"నేనెప్పుడూ మురికి అనలేదు పిన్నీ. ఎవ్వరితోనూ. ఒక్కసారి కూడా అనలేదు."

"అవును," అంది పిన్ని. "నువ్వనలేదు. నేనన్నాను."

అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. బట్టల కొలతలు చెప్పే గొంతుతో చెప్పింది.

"ఆ క్యాన్లాయన్ని తొమ్మిదేళ్ళు తమ్ముడూ అని పిలిచాను. ఆ రోజు వీధంతా చూస్తుండగా, మురికినీళ్ళు పోసి మా ప్రాణాలు తీస్తావా అన్నాను. భుజమ్మీది క్యాను దించి, మూత తీసి, అక్కడే గ్లాసెడు వంపుకుని తాగి చూపించాడు. నేను నవ్వాను. నా నవ్వు చూసి వీధంతా నవ్వింది. నువ్వు గుమ్మంలోనే ఉన్నావు." ఊపిరి తీసుకుంది. "ఉన్నావా లేదా?"

"ఉన్నాను."

"నీ నోరు కడుక్కుని, నా నోటితో అనిపించావే."

నేను ఏడవలేదు. ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే అది కూడా ఒక అమ్మకంలా ఉంటుందనిపించింది. బాబాయ్ లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, రికార్డు పుస్తకాన్ని సరిగ్గా అంచుకి అంచు కలిపి సర్దారు.

పిన్ని వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. చేతిలో ఉప్పు డబ్బా.

"పెట్టె తీసుకో. ఏడో ఇల్లు మనదే కాబట్టి ఆరు. ఒక్కో ఇంట్లో రెండు గ్లాసులూ పెట్టి, వాళ్ళ కళ్ళముందు నువ్వే వెయ్యి. ఇన్నాళ్ళూ నా ఉప్పు తిన్నావుగా, ఇవాళ దాంతో పనుంది. అన్నీ అయ్యాక ఆ తమ్ముడుండేది ఎక్కడో కనుక్కుని వెళ్దాం."

"వాళ్ళు నిన్నేమంటారో, పిన్నీ..."

"అననీ. ఈసారి వాళ్ళ వంతు."

తలుపు దగ్గరికి వెళ్ళాను. తీసేలోపు అవతలినుంచి ఎవరో తట్టారు. మూడుసార్లు, మధ్యలో రెండు క్షణాల విరామంతో. మా కంపెనీ తట్టుడు.

కెప్టెన్. వెనకాల మెట్లమీద వరసగా ఆరుగురు, మెడల్లో మా కంపెనీ బిళ్ళలు. నన్ను చూడగానే కెప్టెన్ చప్పట్లు మొదలుపెట్టాడు, ఆరుగురూ అందుకున్నారు. ఆ చప్పుడుకి ఎదురింటావిడా పక్కింటావిడా బయటికొచ్చారు. ఇద్దరూ పిన్ని మాట మీద మిషన్ కొన్నవాళ్ళే.

"ఇదిగో మన చాంపియన్," అన్నాడు కెప్టెన్. "పెట్టె కూడా రెడీగా పట్టుకుంది చూడండి. పిన్నిగారూ నమస్కారం. పిల్లలకి మీ ఇంటి కథ ఒకసారి చూపిద్దామని తెచ్చాను."

"రండి," అంది పిన్ని. "చూపిస్తుంది."

అందరూ లోపలికొచ్చి గోడలవెంట నిలబడ్డారు. ఇరుగుపొరుగు గుమ్మంలో ఆగారు. కుట్టుమిషన్ చెక్కమీదనుంచి రికార్డు తీసి బాబాయ్ ఒళ్ళో పెట్టుకున్నారు. నేను గ్లాసులు కడిగి తెచ్చి పెట్టాను. కెప్టెన్ చూపు అప్పటికి పిన్ని చేతి మీద పడింది. నవ్వు చెదరనివ్వకుండా నా పక్కకి వచ్చి, కడ్డీలు సర్దుతున్నట్టు వంగాడు.

"ఆ ఉప్పు డబ్బా ఆవిడ చేతిలోంచి తీసెయ్," అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు.

అంటే ఈయనకీ తెలుసు. నాలాగే, మొదటినుంచీ తెలుసు.

"మిషన్ పనితనం దగ్గరుండి పరీక్షించి చూపించాను అని ఏడు ఫారాల మీదా సంతకం ఎవరిదో గుర్తుందా?" అన్నాడు మళ్ళీ. "కంపెనీది కాదు. నాది కాదు. వెయ్యదల్చుకుంటే ఆలోచించుకుని వెయ్యి."

వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని, అందరికీ వినపడేలా, "చూడండి పిల్లలూ, ఇక్కణ్ణుంచి మనం మాట్లాడకూడదు," అన్నాడు.

స్విచ్ వేశాను. ఒకటి. రెండు. మూడు. ఆరుగురి కళ్ళూ గ్లాసుల మీద ఉన్నాయి. పిన్ని కళ్ళు నా మీద ఉన్నాయి. ఇరవై దగ్గర మా కుళాయి నీళ్ళు పసుపు తిరిగాయి. ఎదురింటావిడ పక్కావిడతో, "మా ఇంట్లోనూ అచ్చం ఇంతే," అని గుసగుసలాడింది. ముప్పై. ముప్పై అయిదు.

ముప్పై ఎనిమిది దగ్గర, గోడవార చివర నిలబడ్డ అమ్మాయి చెయ్యి సగం లేచింది. నా ఈడుదే. కెప్టెన్ తల తిప్పి ఆ పిల్ల వైపు చూశాడు. చూశాడంతే. చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగి, జుట్టు సర్దుకోవడానికి వెళ్ళింది.

నలభై లెక్కపెట్టలేదు.

"ఆ చెయ్యి దించకు," అన్నాను. "నువ్వేదో అడగబోయావు. అడుగు."

నా పక్కన పిన్ని ఉప్పు డబ్బా మూత తీసింది.